బందరుకోట యెవరిది?

గత సంక్రాంతి సెలవులకు ముందు ఒక శనివారమునాడు మేము తొమ్మిదవ తరగతి విద్యార్థులను కొందఱిని వెంటబెట్టుకొని బందరుకోటను చూడబోయితిమి. ఆ పేరు వారికి క్రొత్త కాదు. చరిత్ర పాఠములో పలుమాఱులు చదివియున్నారు. పరీక్షలో వ్రాసి మార్కులును తెచ్చుకొనియున్నారు. కాని పట్టణమునకు సముద్రపు దిక్కున, ఇంత చేరువలో నున్న ఆ చోటును వారిలో ఇరువురు తప్ప మఱియెవ్వరును కన్నులార చూచి యెఱుగరు. ఆ యిరువురును గిలకలదిండి రేవున పడవలమీద బ్రతుకు కుటుంబముల బిడ్డలు. తండ్రులకు అన్నపు క్యారియరు అందించుటకై పోవుచు వచ్చుచు ఆ గోడలను చూచుచున్నవారే గాని, పాఠములో చదివిన కోటయు తాము చూచుచున్న గోడయు ఒకటియే యని వారికిని తోచలేదు.

అచ్చట పాడుపడిన గోడల నడుమ ముండ్లపొదలు దట్టముగా పెరిగియున్నవి. ఇటుకల సందులలో రావిమొక్కలు వేళ్ళు దన్ని యున్నవి. ఒక వృద్ధురాలు మేకలను మేపుకొనుచు గోడనీడను కూర్చుండియుండెను. మాలో ఒక బాలుడు దగ్గఱకు పోయి, "మామ్మా, ఈ కోట ఎవరిది?" అని అడిగెను. ఆమె వానిని ఎగాదిగా చూచి, "ఇదా నాయనా? ఇది ఎవరిదీ కాదు. మా తాతల నాటినుంచీ ఇట్టానే పడి ఉంది" అని చెప్పి మేకలను అదలించుకొనుచు లేచిపోయెను.

తిరిగి వచ్చునపుడు దారిపొడుగునను ఆ మాటయే మా చెవులలో మెదలుచుండెను. ఎవరిదీ కాదను మాట అబద్ధము కాదు. కట్టినవారు పోయిరి, కొట్టి పట్టుకొన్నవారును పోయిరి, అందు కాపురమున్నవారిని సముద్రము తీసికొనిపోయెను. ఎవరిదీ కాని చోటును కాపాడువారును ఎవరును ఉండరు. కావున ఎవరిదీ కాని యీ కోటను అందఱిదిగా చేయవలయుననియు, అందులకు తగిన మార్గము దానిని ప్రజలందఱును వచ్చి కూర్చుండదగిన యొక ఉద్యానవనముగా కాపాడుటయే యనియు మా యభిప్రాయము. ఈ సంచికను చదువు విద్యార్థుల ముందరను, తలిదండ్రుల ముందరను, ఉపాధ్యాయుల ముందరను దానిని విన్నవించుకొనుచున్నాము.

ముందుగా ఆ చోటు ఎట్టిదో తెలిసికొందము. గోలకొండ సుల్తానుల కాలమున బందరు తూర్పుతీరమునందలి గొప్ప రేవులలో ఒకటి. ఇచ్చటి కలంకారీ అద్దకపు బట్టలు పారశీక దేశమునకును తూర్పు దీవులకును ఓడలలో పోవుచుండెడివి. ఆ వర్తకమును ఆశించి 1605లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును, 1669లో ఫ్రెంచివారును వచ్చి యిచ్చట కొట్లు పెట్టుకొనిరి. వర్తకులై వచ్చినవారు కాలక్రమమున ఫిరంగులు దించిరి. 1750లో ఫ్రెంచివారు బందరును వశము చేసికొని కోటను బలపఱచిరి. చుట్టును ఉప్పునీటి బురద, ఒకవైపు సముద్రపు పాయ. ఆ బురదయే గోడలకన్న మిన్నయైన రక్షణమని వారు తలంచిరి.

1758 డిసెంబరులో పిఠాపురపు సీమలోని చందుర్తి యొద్ద ఫ్రెంచివారిని ఓడించిన కర్నలు ఫోర్డు, విజయనగరపు రాజగు ఆనంద గజపతి తోడ్పాటుతో దక్షిణమునకు నడచి 1759లో బందరుకోటను ముట్టడించెను. అతనికి మందుగుండు అడుగంటుచుండెను; సైనికులకు జీతములు బాకీపడి యుండెను; ఫ్రెంచివారికి తోడుగా నిజాము సలాబతుజంగు సేన దాపునకు వచ్చుచుండెను. గత్యంతరము లేక ఏప్రిలు 7వ తేది రాత్రి, ఆటుపోటులలో నీరు తగ్గు వేళ చూచి, బురదలో మోకాలిలోతున నడచి అతడు కోటపైకి లగ్గలెక్కించెను. తెల్లవాఱుసరికి కోట లొంగిపోయెను. పట్టుకొన్నవారికన్న పట్టువడినవారే యెక్కువ! ఆ తరువాత మే నెల 14వ తేదిని నిజాముతో జరిగిన యొడంబడికచే బందరును, దాని చుట్టుపట్ల సీమలును ఇంగ్లీషువారికి దక్కినవి. ఉత్తర సర్కారులు వారి వశమగుటకు ఆ రాత్రి పోరే తొలిమెట్టు.

ఈ కథ చెప్పునపుడు ఒక్క సంగతిని మఱువరాదు. కోటలోపల పోరినవారిలోను, కోటమీదికి వచ్చినవారిలోను ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. ఎవరి జీతము వారు తిని, ఎవరి జెండా క్రింద వారు నిలిచి, ఒకరినొకరు చంపుకొనిరి. దొరల పేర్లు పుస్తకములకెక్కినవి. ఆ బురదలో పడిపోయిన సిపాయి ఏ యూరివాడో, అతనికొఱకు ఏ గడపలో దీపము పెట్టుకొని ఎవరు కనిపెట్టుకొని యుండిరో చెప్పువారు లేరు.

అంతకన్న పెద్ద దుఃఖము తరువాత వచ్చినది. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేది రాత్రి తుఫాను రేగి సముద్రము ఊరిమీదికి వచ్చెను. మామూలు పోటునీటి మట్టమునకు పైన 13 అడుగుల యెత్తున అల లేచినదనియు, కొన్ని తావుల 17 మైళ్ళ దూరము లోపలికి ఉప్పునీరు చొచ్చుకొనిపోయినదనియు నాటి లెక్కలు చెప్పుచున్నవి. ఆ యొక్క రాత్రిలో సుమారు 30,000 మంది ప్రాణములు పోయినవి. రాబర్టు నోబిలు దొరగారు ఈ పట్టణమున 1843లో ఉన్నత పాఠశాలను తెఱచి అప్పటికి ఇరువదియొక్క సంవత్సరములు. మిషను బాలికల పాఠశాలలో చదువుకొనుచుండిన పిల్లలును పలువురు ఆ నీటిలో పోయిరి. పలకలు పట్టుకొని అక్షరములు దిద్దుకొన్న పిల్లలు. మన బడిపిల్లలవంటి పిల్లలు. ఆ యుప్పెన తరువాత కోట తిరిగి కోలుకొనలేదు. సైన్యము దానిని విడిచిపోయెను. నాటినుండి నేటివఱకు గాలియు, ఉప్పును, మేకలును దానికి కాపులు.

ఇట్టి చోటును మనమేమి చేయుచున్నాము? ఏమియు చేయుట లేదు. ఏమియు చేయకుండుట నిరపాయమని పలువురు తలంతురు. అది పొరపాటు. సముద్రపు గాలిలోని ఉప్పు ఇటుకలోనికి ఎక్కును. వాన తడిసి ఎండ కాసినపుడు ఆ యుప్పు లోపల పలుగుఱాళ్ళవలె గట్టిపడి ఇటుక పైపొరను పెల్లగించును. రావిమొక్క తొలుత వ్రేలంతయే యుండును. పదియేండ్లకు దాని వేరు బారెడు గోడను చీల్చును. కట్టడమును రక్షించువారు లేరని తెలిసినచో ఇల్లు కట్టుకొనువాడు నాలుగు బండ్ల ఇటుకలను తోలుకొనిపోవుటకు సందేహింపడు. ఎవరిదీ కానిదానిని తీసికొనుట దొంగతనమని వానికి తోచదు. ఇట్లు ఎవ్వరును పడగొట్టకయే కోట పడిపోవును.

మఱియొక తొందరయు కలదు. 2023లో బందరు క్రొత్తరేవు నిర్మాణమునకు శంకుస్థాపన జరిగినది. రేవు రావలయుననియే మేమును కోరుచున్నాము. ఈ పట్టణపు యువకులు పనికొఱకు దూరదేశములకు పోవుట మేము చూచుచున్న వారమే. కాని రేవు వచ్చుచోటికి బాటలు వచ్చును, గిడ్డంగులు వచ్చును, నేల వెల పెరుగును. నేడు ఎవరికిని పట్టని బీడు రేపు గజములలెక్కను అమ్ముడుపోవును. కర్నూలున ప్రాతకోట చాలవఱకు ఊరిలో కలిసిపోగా కొండారెడ్డి బురుజు నాలుగు వీథుల నడుమ నిలిచియున్నది. దానిని చూచి సంతోషించుచున్నాము. కాని బురుజు మిగిలినదని సంతోషించుట యనగా కోట పోయినదని యొప్పుకొనుటయే. బందరున బురుజుపాటి గుర్తైనను మిగులునో లేదో. కావున వెల పెరుగకముందే హద్దులు పాతవలయును.

ఇక మా మాటకు చెప్పబడు ఆక్షేపణలను విచారింతము. అవి తేలికగా త్రోసివేయదగినవి కావు.

మొదటిది: ఇది పరదేశీయుల కోట, మనలను జయించుటకు కట్టిన కోట, దానిని మన సొమ్ముతో కాపాడుట యెందులకు? ఈ మాటలో అభిమానము కలదు. దానిని మేము గౌరవించుచున్నాము. కాని కోటను కాపాడుట కోట కట్టినవారిని పొగడుట కాదు. దూరదేశమునుండి కొట్టు పెట్టుకొనుటకు వచ్చినవారు ఏ విధముగా దేశమును కట్టుకొనిరో తెలిసికొనవలయునన్న, మన సిపాయిలు మనవారినే ఏల చంపవలసివచ్చెనో తెలిసికొనవలయునన్న, ఆ బురదకన్న మంచి బడి మఱియొకటి లేదు. మీదుమిక్కిలి, పటము గీచినవాడు పరదేశీయుడు కావచ్చును గాని, మట్టి త్రవ్వినవారు, ఇటుక కాల్చినవారు, సున్నము నూఱినవారు మన తాతలును మన అవ్వలును. వారి చెమటకు మిగిలిన గుర్తు ఆ గోడ యొక్కటే. దానిని పరుల సొత్తని విడిచిపెట్టుట మన పెద్దలను మఱియొకమాఱు కూలివారినిగానే పంపివేయుట.

రెండవది: బడులకు గదులు చాలవు, ఆసుపత్రికి మంచములు చాలవు, తోటకు డబ్బా? ఇది న్యాయమైన ప్రశ్న. మేము కోరునది పాలరాతి మెట్లును, రంగుదీపముల నీటిజిమ్ములును కావు. నీడనిచ్చు చెట్టు, నడచుటకు బాట, త్రాగుటకు నీరు, మఱుగుదొడ్డి, చదువుటకు నాలుగు ఫలకములు. ఇంతే చాలును. ఇంటిలో రెండు గదులున్నవాడు సాయంత్రము పెరటిలో కూర్చుండును. ఒకే గదిలో ఆరుగురు కాపురమున్నవారి బిడ్డ ఎక్కడ ఆడుకొనవలయును? ఎక్కడ కూర్చుండి చదువుకొనవలయును? ప్రజల తోట ధనికుల వేడుక కాదు. పెరడు లేనివారికి అది పెరడు.

మూడవది: ఆ నేల పల్లము, మఱల ఉప్పెన వచ్చినచో తోట మిగులునా? మిగులకపోవచ్చును. ఐనను మా వాదమునకు గట్టి బలము ఈ యాక్షేపణలోనే కలదు. పల్లపు నేలలో ఇండ్లు కట్టినచో ఉప్పెన మనుష్యులను తీసికొనిపోవును; తోట వేసినచో చెట్లను తీసికొనిపోవును. చెట్లను మఱల నాటవచ్చును. సముద్రమునకును ఊరికిని నడుమ కొంత నేలను ఖాళీగా ఉంచుట బీదయూరికి దండుగ కాదు; అది ప్రాణములకు పెట్టిన భీమా.

ఉప్పెనను గూర్చి మఱియొక మాట చెప్పవలసియున్నది. 1864 నాటి కథను ఈ తీరమున తెలిసినవారెందఱు? 1977 నవంబరు 19వ తేదిని దివిసీమమీదికి ఉప్పెన వచ్చి పదివేలకు మించిన ప్రాణములను గొనిపోయెను. 2004 డిసెంబరు 26వ తేదిని సునామీ మన జిల్లా తీరమునకును వచ్చి కొందఱిని పొట్టబెట్టుకొనెను. నేడు తుఫాను రాకను ముందుగా చెప్పు సాధనములు కలవు. హెచ్చరికలు చేతిలోని ఫోనునకే వచ్చుచున్నవి. ఊళ్ళను ఖాళీచేయించు ఏర్పాటును కలదు. కాని ఇల్లు విడిచి రమ్మనినపుడు, "ఇంతదూరము నీరెక్కడ వచ్చును?" అని గడపలో కూర్చుండు తాతను లేవదీయునది యంత్రము కాదు, జ్ఞాపకము. జపాను దేశమున అనెయోషి యను చిన్న పల్లె కలదు. 1896లోను 1933లోను సముద్రము ఆ పల్లెను తుడిచివేసినంత పని చేసెను. మిగిలినవారు కొండవాలున ఒక రాతిని నిలిపి, దీనికి దిగువను ఇల్లు కట్టవలదని దానిపై చెక్కించిరి. పిల్లలును పిల్లల పిల్లలును ఆ మాటను పాటించిరి. 2011 మార్చి 11వ తేదిని వచ్చిన మహాతరంగము ఆ రాతికి దిగువనే ఆగిపోయెను. ఒక రాయి ఒక పల్లెను కాచినది.

అట్టి రాయి యొకటి బందరుకోటలో నిలువవలయునని మా కోరిక. భూమి కొలుచు ఉద్యోగులచేత సరిగా మట్టము కట్టించి, 1864లో నీరు ఎంత ఎత్తున వచ్చినదో ఒక స్తంభముమీద గీటు పెట్టించినచో, దానిక్రింద నిలువబడిన బాలుడు తల యెత్తి ఆ గీటును చూచును. పుస్తకములో పదుమూడు అడుగులని చదివినపుడు వానికి కలుగని తెలివి అప్పుడు కలుగును. ఆ తెలివిని వాడు ఇంటికి తీసికొనిపోవును. ముప్పదివేలమందిలో పేరు తెలిసినవారు ఏ కొందఱో. పేరులేనివారికి ఆ స్తంభమే పేరు.

ఇక నాలుగవ ఆక్షేపణ మా స్వంతమైనది. తోట వేయుట పేరిట కోటను పాడుచేయుట, పేదలను వెళ్ళగొట్టుట రెండును లోకమున జరుగుచున్న పనులే. ఢిల్లీలో సయ్యదుల, లోడీ సుల్తానుల సమాధుల చుట్టును 1936లో ఒక గొప్ప తోటను వేసిరి. నాడు దానికి వైస్రాయి భార్య యగు లేడీ విల్లింగ్డను పేరు పెట్టిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప అది లోడీ తోట యైనది. అది చూడదగిన తోట. ఆ మహానగరమునకు ఊపిరి. కాని దానిని వేయుటకై ఆ సమాధుల నడుమ కాపురమున్న ఖైర్‌పూరు అను పల్లెను ఎత్తివేసిరి. హంపిలో 2011లో విరూపాక్షుని గుడియెదుటి బజారులో కాపురమున్నవారి యిండ్లను పడగొట్టిరి. రాళ్ళను కాచుటకు మనుష్యులను కదలించినచో, రాళ్ళమీద మనుష్యులకు ప్రేమ యెట్లు కలుగును?

వేలూరు కోటను చూచినవారికి వేఱొక మార్గము తోచును. అగడ్తలో నీరును, ఒకే ప్రాకారములో జలకంఠేశ్వరుని గుడియు, క్రైస్తవ దేవాలయమును, మసీదును. 1806లో సిపాయిలు తిరుగబడిన ఆ నేలమీదనే నేడు ఊరివారు సాయంత్రము పిల్లలతో వచ్చి కూర్చుందురు. కోట ఊరిలో ఒక భాగమై యున్నది. బందరుకోటయు అట్లే కావలయును.

కావున తోట యెట్లుండవలయునో మాకు తోచినంత చెప్పుచున్నాము. హద్దులను కొలిపించి రాళ్ళు పాతవలయును. కాని ఎత్తైన గోడ కట్టరాదు. లోపల క్రొత్త కట్టడములు లేవరాదు. ప్రాతగోడలను సున్నముతోనే బాగుచేయవలయును. సిమెంటు గట్టిదని మనవారికి మోజు. కాని ప్రాత ఇటుకకన్న సిమెంటు గట్టిదగుటచే లోని తేమను బయటికి పోనీయదు. ఆ తేమయు ఉప్పును ఇటుకనే తినివేయును. సున్నము ఊపిరి పీల్చును. గోడల మొదట పచ్చికబయళ్ళు వేసి నిత్యము నీరు పెట్టరాదు. ఆ నీరు పునాదులకెక్కును. అదియుగాక ఆ ఉప్పునేలలో పచ్చిక బ్రతుకదు. తాడి, ఈత, కానుగ, గంగరావి, పొన్న, వేప మొదలగు ఈ తీరపు చెట్లనే గోడలకు దూరముగా నాటవలయును. పాయ యొడ్డున మడచెట్లు పెరుగనిచ్చినచో అవి అల వేగమును తగ్గించును. చేపపిల్లలకును రొయ్యపిల్లలకును నెలవై రేవువారి బ్రతుకునకు మేలుచేయును.

ప్రవేశమునకు రుసుము ఉండరాదు. రేవునకు పోవు కాలిబాటను మూయరాదు. కాపలాదారులను, తోటమాలులను, వచ్చినవారికి చోటు చూపువారిని పొరుగు పల్లెలలోని యువతీయువకులలోనుండియే తీసికొనవలయును. మేకలు మేపుకొను ఆ వృద్ధురాలికిని వేళయు చోటును ఏర్పఱచి మేత కోసికొనిపోనీయవలయును. ఫలకములు తెలుగున ఉండవలయును. వానిలో కర్నలు ఫోర్డు పేరెంత ఉండునో, సిపాయిల మాటయు, ఇటుక మోసినవారి మాటయు, ఉప్పెనలో పోయినవారి మాటయు అంతకు తక్కువ కాకుండ ఉండవలయును. ఊరివైపున మెఱకచోట తుఫాను ఆశ్రయభవన మొకటి నిర్మించి, మంచిదినములలో దానిని పటములు చూపు గదిగా వాడుకొనినచో రెండు పనులును నెఱవేఱును.

ఇది యెవరి పని? ప్రభుత్వము పని యని చేతులు దులుపుకొనుట సులభము. ప్రభుత్వమునకు బాధ్యత నిజముగానే కలదు. జాతి ప్రాముఖ్యము గల కట్టడములను కాపాడుట రాజ్యము విధియని మన రాజ్యాంగములోని 49వ అధికరణము చెప్పుచున్నది. కాని 1976 నాటి సవరణచే చేర్చబడిన 51ఏ అధికరణము మన సంస్కృతి వారసత్వమును గౌరవించి కాపాడుట ప్రతి పౌరుని విధియని చెప్పుచున్నది. మొదటిది ఉద్యోగులకు, రెండవది మనకు. ఉద్యోగులకు అర్జీ పెట్టుటకు ముందు మన పాలి పనిని మనము చేసియుండినచో ఆ యర్జీకి బరువు కలుగును.

విద్యార్థులారా! మీ పాలి పని ఇది. ఆ గోడలమీద పేర్లు చెక్కకుడు. మీ పేరు చెక్కుకొనుటకు మీ బ్రతుకే చాలినంత పెద్ద పలక. అచ్చటినుండి ఇటుక ముక్కనైనను గుర్తుగా తేకుడు. మీ యింటిలోని తాతను, అవ్వను కూర్చుండబెట్టుకొని ఉప్పెనలను గూర్చి వారు విన్నదియు చూచినదియు అడిగి, వారి మాటలలోనే వ్రాసి పెట్టుడు. అట్టి వ్రాతలను మన పత్రికలో సంతోషముతో అచ్చువేయుదుము. ప్రతి సంవత్సరము నవంబరు 1వ తేదిని మనము కోటకు నడచిపోయి, ఒక గడియ మౌనముగా నిలిచి, ఒక్కొక్క తరగతి ఒక్కొక్క మొక్కను నాటి రావలయునని మా యాలోచన. నాటుట ఒక దినపు పని. నీరు పోయుట మూడేండ్ల పని. రెండవదానికి ఒప్పుకొన్నవారే మొదటిదానికి రావలయును.

తలిదండ్రులారా! చదువు చెడిపోవునని వెఱవకుడు. సంవత్సరమునకొక దినము చరిత్రను కాలితో నడచి నేర్చుకొన్న బిడ్డ పరీక్షలో వెనుకబడడు. వెనుకబడినను ఏమి? తన యూరు ఏ నీటిలో మునిగి ఏ మట్టిలోనుండి మఱల లేచినదో తెలిసిన బిడ్డ, ఊరికి పనికివచ్చు మనుష్యుడగును. ఉపాధ్యాయ సోదరులారా! నగరపాలక సంస్థవారికిని, జిల్లా అధికారులకును, పురావస్తు శాఖవారికిని వ్రాయదలచిన విన్నపమును ఈ సంచిక వెలువడిన పిదప సభ చేసి చదివెదము. మీ సంతకములును, మీకన్న ముఖ్యముగా గిలకలదిండివారి సంతకములును దానిమీద నుండవలయును. వారు వలదన్న పనిని వారి గుమ్మము ముందర చేయుటకు మనకు హక్కు లేదు.

ఆ దినము తిరిగి వచ్చునపుడు, రేవు కుటుంబమునకు చెందిన బాలుడు వెనుకకు తిరిగి గోడలవంక చూచి, "మాస్టారూ, ఇన్నాళ్ళూ నేను దీని పక్కనుంచే పోతున్నానండీ!" అనెను. ఆ మాటలో కొంత ఆశ్చర్యమును, కొంత సిగ్గును ఉండెను. ఆ యాశ్చర్యము వానిది. ఆ సిగ్గు మనది. బడిలో ఇన్నియేండ్లుగా పాఠము చెప్పియు, పాఠములోని చోటును వానికి చూపనివారము మనమే.

ఆ వృద్ధురాలిని మఱల చూడబోవుదుము. కోట యెవరిదని ఈ మాఱు మేము ఆమెను అడుగము. ఆమెయే మమ్ము అడిగినచో, "అమ్మా, ఇది నీది, నీ మనుమలది, మా బడిపిల్లలది" అని సిగ్గుపడక చెప్పగల దినము రావలయును. ఆ దినము త్వరలోనే వచ్చుగాక!